హోత్ రేవున పదునేడడుగుల పడవలు

మేము ఐర్లాండు దేశమునకు బయలుదేరునపుడు మా అమ్మగారు మాకు కొన్ని వస్తువులును, ఒక పనియు అప్పగించిరి. వస్తువులు క్రొత్తావకాయ, మాగాయ, కందిపొడి. పని యేమనగా, డబ్లిన్ నగరమున కంప్యూటరు ఉద్యోగము చేయుచున్న మా తమ్మునిచేత పడవ మాన్పించుట. వాడచ్చట తెరచాప పడవ యెక్కి సముద్రము మీద పందెములకు పోవుచున్నాడని యెవరో బంధువుల వలన ఆమె చెవిని పడినది. "వానిచేత ఒట్టు పెట్టించుకొని గాని మీరు తిరిగి రావలదు" అని ఆమె యాజ్ఞ.

ఆమె భయము ఊరక పుట్టినది కాదు. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ గాలివానను మా తూర్పు గోదావరివారు మఱవలేరు. ఆనాడు మా పినతండ్రిగారు పనిమీద భైరవపాలెము వైపు పోయి తిరిగి రాలేదు. నాటినుండి మా అమ్మగారు కాకినాడలో కాపురముండియు సముద్రపుటొడ్డునకు వచ్చి యెఱుగరు. మేమప్పటికి చిన్నపిల్లలము, తమ్ముడు చంటిబిడ్డ. మాకు జ్ఞాపకమున్నది ఒక్కటే: పెద్దలు వీధి యరుగు మీద కూర్చుండి, తిరిగి వచ్చిన వారిని పేరు పేరున లెక్కపెట్టుచుండుట.

నిజము చెప్పవలెనన్న, మాకును తమ్ముని మీద కొంత కోపము కలదు. పెంకుటిల్లు కారుచున్నది, దూలములు మార్పింపవలెను, డబ్బు పంపుమని వ్రాసినచో నెలల తరబడి జాగు చేయువాడు, పరదేశమున నూఱేండ్లు దాటిన కొయ్యపడవలో మూడవవంతు వాటా కొన్నాడని విని, వీనికి మతి పోయినదా యనుకొంటిమి. మా వారు ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయులు. వేసవి సెలవులు రాగానే ఇరువురమును బయలుదేరితిమి. విమాన ప్రయాణమునుగూర్చి చెప్పదగిన దేమియు లేదు. కాళ్ళు వాచినవి, నిద్ర పట్టలేదు.

డబ్లిన్ చేరిన మూడవనాడు శనివారము. తమ్ముడు మమ్ము హోత్ గ్రామమునకు తీసికొని పోయెను. నగరము నుండి అచటికి డార్ట్ అను విద్యుత్తు రైలులో అరగంట ప్రయాణము. ఆ దారికి అదియే చివరి స్టేషను. మే నెల యగుటచే మన యింట రోళ్ళు పగులు ఎండలు కాయుచుండగా, అచ్చట మేము శాలువ కప్పుకొని, దానిమీద తమ్ముని కోటు తొడుగుకొని కూర్చుంటిమి. ముక్కాలు భాగము నీటిచే చుట్టబడిన కొండకొమ్మే హోత్. పూర్వము ఉత్తరదేశపు నావికులు దీనిని తమ భాషలో 'తల' యని పిలిచిరి; ఆ మాటయే అరిగి యరిగి ఈ పేరైనదట. ఎదుట సముద్రములో 'ఐర్లాండ్స్ ఐ' అను చిన్న దీవి యున్నది. ఇది కన్ను కాదు. 'ఐ' యనగా ఆ నావికుల మాటలో దీవియే. దాని కొనరాళ్ళ మీద తెల్లని పక్షులు వేలకొలదిగా వ్రాలి, దూరమునకు సున్నము కొట్టినట్లు కనబడును.

రేవునకు రెండు రాతికట్టలు రెండు చేతులవలె చాపబడి యున్నవి. 1807లో పని మొదలుపెట్టి, ఇంగ్లండు తపాలా ఓడలకొఱకు దీనిని కట్టిరి. కట్టినది మొదలు ఇసుక మేటవేయుచుండుటచే, కొంతకాలమునకు తపాలా ఓడలను అఖాతమునకు దక్షిణముననున్న డన్ లీరీ రేవునకు మార్చిరి. ఇసుక మేటవేయుట మా కాకినాడవారికి వింత గాదు గనుక మేము ఆ రేవును చూచి సానుభూతి పొందితిమి. 1821లో నాలుగవ జార్జి రాజు ఇచ్చట దిగెను. ఆయన పాదముల గుర్తులు పడమటి కట్ట చివర రాతిలో చెక్కియున్నవి. మా వారు తమ చెప్పు వాని ప్రక్క నానించి కొలుచుకొనిరి. చేపల అంగళ్ళ క్రింద నీటిలో సీలు అను జంతువులు నున్నని నల్లతలలెత్తి, పెండ్లివారి పెరటిలో పిల్లులవలె ఆశతో చూచుచుండెను.

ఈ యూరి కోటనుగూర్చిన ఐతిహ్య మొకటి మాకు మిక్కిలి నచ్చినది. 1576 ప్రాంతమున గ్రేస్ ఓమాలీ యను వీరవనిత, పడమటి తీరమున ఓడలకు అధిపతియైనది, దారిలో ఇచ్చట దిగి కోటకు పోగా, భోజనవేళ యని తలుపులు మూసియుండెనట. ఆమె కోపించి ఆ యింటి వారసుని ఓడలో నెక్కించుకొని పోయెనట. ఇక మీదట భోజనవేళ తలుపు మూయము, అనుకోని అతిథికొఱకు ఒక పళ్ళెము అదనముగా నుంచెదము, అని మాట యిచ్చిన పిమ్మటగాని బిడ్డను విడువలేదట. ఆ వంశమువారు తరతరములుగా ఆ మాట నిలుపుకొనిరందురు. 2019లో కోట వారి చేతులు దాటినది. అతిథికి అన్నము పెట్టుట బెదిరించి నేర్పింపవలసి వచ్చినదా యని మా వారు నవ్విరి. మేము మాత్రము, ఓడ నడుపు స్త్రీ యా కాలముననే ఉండెను గదా యని ఆలోచించుచుంటిమి.

ఏలయన, తమ్ముని పడవకు నాయకురాలు కూడ స్త్రీయే. డెబ్బది యేండ్లు దాటిన వృద్ధురాలు. మూడు వాటాలలో నొకటి యామెది, ఒకటి యామె మేనల్లునిది, ఒకటి మావానిది. అచ్చటివారు పెద్దలనైనను పేరు పెట్టి పిలుతురు. మాకు నోరు రాక 'అమ్మా' యంటిమి. ఆమె ఆ మాట తెలిసికొని సంతోషించి, మమ్ము కట్టమీదికి నడిపించుకొని పోయి, నీటిపై వరుసగా నూగుచున్న పడవలను చూపెను.

వానిని 'హోత్ పదునేడులు' అందురు. పదునేడు వయస్సు గాదు, లెక్కయు గాదు. నీటిమట్టముకడ ఒక్కొక్క పడవ పొడవు 17 అడుగులు. కొననుండి కొనకు 22½ అడుగులు. 1897లో వాల్టర్ హెర్బర్ట్ బాయిడ్ అను హోత్ నివాసి వీనికి పటము గీసెను. ఉత్తరమున కారిక్‌ఫెర్గస్ పట్టణమున హిల్డిచ్ అను పడవల కర్మాగారమువారు మొదటి ఐదింటిని కట్టిరి. 1898 ఏప్రిలులో ఆ ఐదును 90 మైళ్ళు సముద్రము మీదనే నడచి ఈ రేవు చేరినవి. మే 4వ తేదీన మొదటి పందెము జరిగినది. తరువాత మఱికొన్ని చేరినవి. నాటి కొలతలతో, నాటి తెరచాపల అమరికతో, ఆ పడవలే నేటికిని పందెమాడుచున్నవి. అడుగువెన్నుకు బరువు గట్టిన ఒకే తీరు పడవల జాతులలో, మొదటి రూపు మార్పకుండ పందెమాడుచున్నవానిలో ఇంతకంటె పాతది లేదని వారి గర్వము. పేరులలో అనేకము ఆడుపేరులే: రీటా, పాలీన్, గ్లాడిస్, రోజ్‌మేరీ. షీలా, అనిత యను పేరులు వినినపుడు మన కాకినాడ పిల్లలను పిలుచుచున్నారేమో యని వెనుదిరిగి చూచితిమి.

అన్నియు ఒకే కొలతగా నుండనేల? ఈ ప్రశ్న మేమే యడిగితిమి. పూర్వకాలమున పడవ పందెములలో ధనవంతుడు ఏటేట ఇంకను పొడవైన పడవను, ఇంకను పెద్ద తెరచాపను చేయించుకొని బహుమానములు పట్టుకొని పోవుచుండెను. నిరుటి పడవ యీ యేడు పనికిరాకుండెను. దీనిని మాన్పుటకు డబ్లిన్ అఖాతమునకు ఆవలి యొడ్డున 1887లో కొందఱు, అందఱును ఒకే పటము ప్రకారము చిన్న పడవలు కట్టించుకొందమని నియమము చేసికొనిరి. వానికి వాటర్ వాగ్ అని పేరు. లోకమున ఒకే తీరు పడవల పందెమునకు ఇదియే మొదలు. 1900లో ఆ పడవకు క్రొత్త పటము కావలసివచ్చినపుడు గీసినది పడవలు కట్టు డాయిల్ గారి కుమార్తె మేమీ డాయిల్ అని చెప్పుదురు. ఆ పటము ప్రకారము కట్టిన పడవలు నేటికిని డన్ లీరీ రేవున ఆడుచున్నవి. సోదరీమణులు ఈ పేరు జ్ఞాపకముంచుకొందురు గాక.

హోత్ పడవల వారిదియు ఇదే ధర్మము. ఒకడు కొయ్య తేలిక చేయరాదు. ఒకడు చాప పెంచరాదు. ఒకే కొలత చీరలు కట్టిన తోడికోడండ్రవలె నిలుచున్నపుడు ఎవరి పనితన మెంతయో తేలిపోవును. ఈ పోలిక మేము చెప్పగా తమ్ముడు తెలిగించి వినిపించునట్లు ఇంగ్లీషులో ఆమెకు చెప్పెను. ఆమె చాలసేపు నవ్వెను.

మఱునాడు ఆదివారము మా వారి కోరికపై నగరములోని కాలిన్స్ బారక్స్ అను చోట జాతీయ ప్రదర్శనశాలకు పోయితిమి. అచ్చట ఆస్గార్డ్ అను తెరచాప నౌక యున్నది. 1905లో నార్వే దేశమున కట్టబడినది. ఎర్స్‌కిన్ చైల్డర్స్ అను రచయితకును ఆయన భార్య మోలీకిని ఆమె తండ్రి ఇచ్చిన పెండ్లికానుక. మన మాటలో అరణము. 1914 జూలై 26వ తేదీన ఈ నౌకయే ఐరిష్ స్వాతంత్ర్యవాదులకొఱకు 900 తుపాకులను హోత్ రేవున దింపినది. ఆ యోచనకు మూలము మేరీ స్ప్రింగ్ రైస్ అను స్త్రీ. ఆమెయు నౌకలో నుండెను. మోలీ చైల్డర్స్ బాల్యమున జరిగిన ప్రమాదముచే సరిగా నడువలేనిది. అయినను చుక్కాని పట్టినది. ఆ నౌకను నిపుణులు ఏండ్ల తరబడి బాగుచేసి నిలిపియున్నారు. మేము చాలసేపు చుట్టును తిరిగి చూచితిమి. కొయ్య మెఱయుచున్నది, ఇత్తడి మెఱయుచున్నది. తాకరాదని వ్రాసియున్నది. తిరిగి వచ్చునపుడు తమ్ముడు, "అక్కయ్యా, అది 1905 నాటిది, మాది అంతకంటె పెద్దది. మాది యిప్పటికిని తడియుచున్నది" అనెను. వాని మాటలో గర్వముండెను. మేము ఒట్టు సంగతి ఆ పూట యెత్తలేకపోతిమి.

సోమవారము సాయంకాలము ఆ వృద్ధురాలి యింటికి పోయితిమి. ముందు గదిలో బల్లలు, కుర్చీలు గోడకు జరపి, నేలమీద నొక తెరచాపను పఱచియుండిరి. మఱునాడు పందెము. ఈ పడవలను నడుపుటకంటె సిద్ధపఱచుటయే పెద్ద పని యని మాకప్పుడు తెలిసినది. శీతకాలమున పడవను ఒడ్డున పెట్టి, పాత రంగు గీకి, ఉప్పుకాగితముతో రుద్ది, పలక పలకను వ్రేలితో తడవి చూచి, మెత్తబడిన కొయ్యను తీసి క్రొత్తది అతికి, సందులు పూడ్చి, మఱల రంగు పూయుదురు. నెలలు పట్టును. మా వానికి వారాంతములన్నియు దానికే పోయినవట. అరచేతులు చూపెను, కాపరివాని చేతులవలె గట్టిపడియుండెను. ఇంటిలో చీపురు పట్టి యెఱుగనివాడు! వసంతమున నీటిలో దింపగానే ఎండియున్న పలకల సందులనుండి నీరు లోనికి వచ్చును. చూచినవారు మునిగిపోవునని భయపడుదురు. మన యింట వేసవిలో ఎండిన కొయ్యబానకు నీరు పోసిన మొదటిదినమువంటిదే యిది. కొయ్య నీరు త్రాగి ఉబ్బి తన సందులు తానే మూసికొనును. అంతవరకు ఒకరు కాపుండి నీరు తోడవలెను. ఆ రాత్రి తోడినవాడు మా తమ్ముడట.

తెరచాప వేయు కొయ్యను చూపి దాని పేరేమని మేమడుగగా తమ్ముడు ఇంగ్లీషు పేరు చెప్పెను. మాకు మా తాతగారు తెల్లవారుజామున వల్లెవేయించిన అమరకోశము జ్ఞప్తికి వచ్చెను. వారివర్గమున దీనికి కూపకమనియు, గుణవృక్షకమనియు పేరులు. గుణమనగా త్రాడు; అనగా త్రాళ్ళచెట్టు. మేము ఎనిమిదవ యేట కంఠస్థము చేసిన మాట. చూచినది మాత్రము ఇరువదియెనిమిదేండ్ల తరువాత, సముద్రములు దాటి. చూడగా ఎంత సార్థకమైన పేరు! పెద్ద చాపను పైనుండి పట్టియుంచు అడ్డకొయ్యకు రెండు త్రాళ్ళు, ముందు చాపకొకటి, ఇవి గాక కొయ్యను ఇరుప్రక్కల లాగి నిలుపు ఉక్కు త్రాళ్ళు. ఈ పడవలకు మఱియొక విశేషము కలదు. పెద్ద చాపకును, స్తంభపు కొనకును నడుమనున్న ఖాళీలో నింకొక చిన్న చాప నెత్తుదురు, అది మీదిచాప. దానికి తనవే సన్నని కొయ్యలు, తనవే త్రాళ్ళు. అది నిలిచినపుడు పడవకు కొప్పు పెట్టినట్లుండును. గాలి మితముగా నున్నపుడు వేగము దానివలననే. గాలి మీఱినపుడు దింపుట మిక్కిలి కష్టము. దింపకుండుట అంతకంటె కష్టము.

నేలమీద పఱచినది ఆ మీదిచాపయే. ఒక మూల కుట్టు విడిచియుండెను. పూర్వము నూలుగుడ్డ యట, ఇప్పుడు టెరిలిన్. ఆమె చూపు తగ్గి సూదిలో దారము దూర్పలేక తమ్ముని పిలుచుచుండగా మేము ముందుకు పోయి సూది యందుకొంటిమి. ఆ సూది మూడు పలకల మొన గలది; వ్రేలితొడుగు చాలక అరచేతికి తోలుపట్టీ కట్టుకొని, దానిలోని లోహపు బిళ్ళతో సూదిని త్రోయవలెను. దారమునకు మైనము పూసియుండెను. మొదటి పది కుట్లు వంకరపోయినవి. ఆమె యేమియు ననక విప్పివేసెను. రెండవసారి, వెనుకకు తిరిగి పొడుచుకొనుచు, జానెడు మేర కుట్టితిమి. ఆమె గోటితో లాగి చూచి తల యూపెను.

ఆ కుట్టు నడుమనే ఆమె 2018 మార్చి 2వ తేదీ సంగతి చెప్పినది. ఎమ్మా యను పేరిట వచ్చిన తూర్పు గాలివాన, తూర్పు కట్టమీద పడవలను దాచియుంచిన కొట్టమును కూల్చినది. లోపలి పడవలలో ఏడింటికి దెబ్బ తగిలినది. ఆమె పడవ ఆ యేడు వేఱుచోట నుండుటచే బ్రతికెను. అన్నిటికంటె చితికినది అనిత. ఇక వంటచెఱకే యనదగిన దానిని వారు విడిచిపెట్టలేదు. ఫ్రాన్సు దేశమున డువార్నెనే పట్టణమున కొయ్యపడవలు కట్టుట నేర్పు పాఠశాలకు తరలింపగా, అచ్చటివారు పునర్నిర్మించి ఇచ్చిరి. 2019లో తిరిగి హోత్ చేరినది. ఎంత పాతకొయ్య మిగిలినది, ఎంత క్రొత్తది పడినది యని మా వారు శాతము లెక్క యడిగిరి. ఆమె, "మాకు ఆ పడవ అనితయే" యని మాత్రము చెప్పి దారము త్రెంచెను.

మాకు కోరంగి మనసున మెదలినది. మా యూరికి పదిమైళ్ళలోపున, ఒకప్పుడు సముద్రమునకు పోవు ఓడలు కట్టిన రేవు. 1789లో నొకమాఱు, 1839 నవంబరులో నొకమాఱు సముద్రము పొంగి దానిని తుడిచిపెట్టినది. మొదటి దెబ్బకు లేచినది, రెండవ దెబ్బకు రేవుగా లేవలేదు. అయినను ఆ చుట్టుప్రక్కల తాళ్ళరేవువైపు కొయ్యపడవలు కట్టు చేతులు నేటికిని ఉన్నవి. పుట్టినది మొదలు మేమా దారిని ఎన్నిమాఱులు పోయితిమో! ఒక్కనాడును బండి దిగి, ఏ కొయ్య వాడుదురు, సందులు దేనితో పూడ్తురు అని యడుగలేదు. హోత్‌లో నేలమీద కూర్చుండి యడుగవలసి వచ్చినది.

ఇక మంగళవారము. పందెము సాయంకాలము, ఆ దేశమున మే నెలలో రాత్రి తొమ్మిది దాటినను ప్రొద్దుండును. తమ్ముడు, ఆమె, ఆమె మేనల్లుడు, ముగ్గురును తేల్చు చొక్కాలు తొడిగికొని పడవ నెక్కిరి. మేమిరువురము తూర్పు కట్ట చివరకు నడచి, దూరదర్శిని చేతబట్టుకొని గోడప్రక్క నిలుచుంటిమి.

పదకొండు పడవలు వచ్చినవి. బయలుదేరుట మన గుఱ్ఱపు పందెమువంటిది కాదు. నీటిమీద గీత గీయరాదు, పడవను ఒకచోట నిలుపరాదు. ఒక గుఱుతునుండి మఱియొక గుఱుతునకు మనసున గీత యూహించుకొనవలెను. ఐదు నిమిషములున్నదనగా నొక కూత, జెండా, నాలుగనగా నొకటి, ఒక్కటనగా నొకటి. అంతసేపును పడవలన్నియు చుట్టుకొనుచు, తప్పించుకొనుచు, కడపటి కూతకు సరిగా గీతమీద వేగముతో నుండవలెను. ముందుగా దాటినవాడు వెనుకకు పోయి మఱల రావలెను. కుడివైపునుండి గాలి తగులు పడవకు ఎడమవైపునుండి తగులునది దారి యీయవలెను. ఆ హక్కును వారు గట్టిగా కేకవేసి చెప్పుకొందురు. కట్టమీది మాకే వినబడినది.

పడవ గాలికి ఎదురుగా పోవుట మాకు వింతగా నుండెను. మా వారు నల్లబల్ల లేని లోటు తెలియకుండ చెప్పిరి. తడిచింతపిక్కను రెండు వ్రేళ్ళ నడుమ నొక్కినచో అది ఏ వ్రేలివైపును పోక ముందుకు జాఱును గదా. అట్లే చాపను గాలి ఒకవైపునుండియు, అడుగున నున్న బరువైన రెక్కను నీరు రెండవవైపునుండియు నొక్కగా పడవ ముందుకు జాఱును. అయినను సూటిగా ఎదురు పోలేదు, వంకరటింకరగా పోవలెను. పది మైళ్ళ దూరమునకు పదునాలుగు మైళ్ళు నడుచుట. కర్ణము విడిచి రెండు భుజములమీద నడచినట్లు. ఆయన ఇంకను చెప్పుచుండిరి గాని మేము వినుట మానితిమి. కొండమీద మబ్బు నల్లబడుచుండెను.

గాలి కొండ దిగి నీటిమీదికి వచ్చుట కంటికి కనబడును. నీలమైన నీరు ఒక మేర నల్లబడి, ఆ నలుపు పరుగెత్తుకొని వచ్చును. మా పడవ అప్పటికి మూడవదిగా నుండెను. ఆ నలుపు తాకగానే పడవలన్నియు ఒక్కమాఱు ప్రక్కకు ఒరగినవి. ఇతర పడవలు మీదిచాపలను అట్లే యుంచుకొని ముందుకు దూకినవి. మా పడవమీద మాత్రము కొప్పు చలించినది. ఆమె దింపుమనెను కాబోలు. చాప సగము దిగి, దాని సన్నకొయ్య గాలికి అటునిటు కొట్టుకొనుచు చిక్కుకొనెను. ఒకడు ముందుభాగమునకు ప్రాకుచుండుట చూచితిమి. ఆ చొక్కా ఎఱుపు, మావానిదే.

తరువాత నీరు ఎగిరి పడవను కప్పెను. దూరదర్శినిలో రెండు తలలే కనబడినవి.

మేము మా వారి చేయి పట్టుకొంటిమో, ఆయన మా చేయి పట్టుకొనిరో యెఱుగము. ఎంతసేపో కూడ యెఱుగము. ఆయన గడియారము చూచి అరనిమిషమైనను కాలేదనిరి. మా కన్నులయెదుట సముద్రము లేదు, వీధి యరుగు మీద లెక్కపెట్టుచున్న పెద్దలుండిరి. పిమ్మట చాప పూర్తిగా దిగినది, స్తంభము ముందు నేలకంటుకొని పండుకొనియున్న ఎఱ్ఱచొక్కా లేచి కూర్చున్నది. మూడు తలలు. మేము మఱల లెక్కపెట్టితిమి. మూడు.

మీదిచాప దింపనివారే గెలిచిరి. వారికేమియు కాలేదు, నవ్వుచు, కేకలువేయుచు రేవు చేరిరి. మా పడవ పదవదిగా వచ్చినది. తమ్ముని ముఖము ముడుచుకొనియుండెను. మూడవ స్థానము చేజాఱినది గదా. ఆమెకు మాత్రము విచారము లేదు. "నాకు ఆ గాలి నచ్చలేదు, దింపుమంటిని, పైవారము వేఱుగాలి వచ్చును" అని, తడిచాపను మోకాళ్ళమీద పఱచుకొని మేము కుట్టిన జానెడును వెదకెను. కుట్టు నిలిచినది. ఆమె దానిని మాకు చూపి, ఏమియు ననక మడిచెను. మేము త్రాళ్ళమీది ఉప్పును మంచినీటితో కడుగుచుండగా తమ్ముడు మా ప్రక్కకు వచ్చి, "అక్కయ్యా, మన యింటి దూలములు టేకువేనా? చివర మాత్రము చివికినచో మొత్తము మార్పనక్కఱలేదు, అతుకవచ్చును. సంక్రాంతికి వచ్చి నేనే యెక్కి చూచెదను" అనెను. వాని చేతులు చలికి వణకుచుండెను. మా శాలువ తీసి కప్పితిమి.

అప్పటికి కాకినాడలో అర్ధరాత్రి దాటియుండుటచే, బుధవారము ఉదయమున అమ్మగారికి ఫోను చేసితిమి.

"ఒట్టు పెట్టించితిరా?"

"లేదమ్మా."

చాలసేపు మాట లేదు. వీధిలో కూరలవాని కేక మాకు వినబడినది.

"నిన్న పోయినాడా?"

"పోయినాడు."

"ఎందఱు పోయిరి?"

"ముగ్గురు."

"ఎందఱు తిరిగి వచ్చిరి?"

"ముగ్గురును వచ్చిరి."

"ఎవరైన చెప్పిరా, మీరు లెక్కపెట్టితిరా?"

"మేమే లెక్కపెట్టితిమి. రెండుమాఱులు."

ఆమె మఱల ఊరకుండెను. తరువాత, మంగళవారము మంగళవారము ఒడ్డు చేరగానే తనకు ఫోను చేయవలెనని వానితో చెప్పుమనెను. అప్పటికి మనకు రాత్రి రెండగును గదా యంటిమి.

"నేను మేల్కొనియే యుందును" అని ఆవకాయ తడి తగులకుండ పెట్టుకొన్నాడో లేదో యడిగెను.